కారవాన్ యాత్రల్లో ఉపగ్రహ టెలివిజన్: ఆస్ట్రేలియా

కారవాన్‌లో ఊరూరా తిరిగేవారు మజిలీ చేసిన చోటల్లా ఒక చిన్న డిష్ నిలిపి, భూస్థిర ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ ప్రసారాలు అందుకోవడాన్ని సంచార ఉపగ్రహ టెలివిజన్ అనవచ్చు. యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ ఈ అలవాటు ఉన్నా, దీని అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఆస్ట్రేలియాలో. ఆ దేశంలో జనం చాలావరకు తీరప్రాంత నగరాల్లో ఉంటారు. లోపలి భాగంలో వందల కిలోమీటర్లు ప్రయాణించినా టీవీ టవరుగానీ మొబైల్ సిగ్నల్‌గానీ దొరకని దారులున్నాయి. ఉద్యోగ విరమణ తర్వాత నెలల తరబడి దేశం చుట్టి వచ్చేవారిని అక్కడ గ్రే నోమాడ్స్ అంటారు. వారి సామానులో మడత డిష్ చాలాకాలంగా మామూలు వస్తువు.

ఈ ఏర్పాటులో పరికరాల ఖరీదు కన్నా ముఖ్యమైనవి మూడు కోణాలు: డిష్ ఏ దిక్కుకు తిరగాలి, ఎంత పైకి చూడాలి, దాని ముందున్న తల ఎంత మెలి తిరగాలి. ఇంటి మీది డిష్‌కు వీటిని ఒకసారి సరిచేస్తే సరిపోతుంది. కారవాన్ మాత్రం కదిలిన ప్రతిసారీ మూడూ మారతాయి.

నేపథ్యం

ఆస్ట్రేలియాకు సొంత సమాచార ఉపగ్రహం 1985లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో డిస్కవరీ స్పేస్ షటిల్ ఆసాట్ ఎ1ను అంతరిక్షానికి చేర్చింది. మారుమూల పశుక్షేత్రాలకూ చిన్న జనావాసాలకూ టీవీ అందించడం ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి. ఆలిస్ స్ప్రింగ్స్ కేంద్రంగా, ఆదివాసుల యాజమాన్యంలో ఇంపార్జా టెలివిజన్ 1988 జనవరిలో ప్రసారాలు మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగంలోని ఆసాట్ సంస్థ 1990ల ఆరంభంలో ఆప్టస్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ఉపగ్రహాలు ఆప్టస్ పేరుతోనే సాగాయి.

అప్పట్లో గ్రామీణ ప్రేక్షకులకు ఉపయోగపడిన డిజిటల్ ఉపగ్రహ వేదిక పేరు అరోరా. నేలమీది అనలాగ్ ప్రసారాలను నిలిపివేసే కార్యక్రమం 2010 జూన్ 30న మిల్డురాలో మొదలై 2013 డిసెంబరు 10న పూర్తయింది. డిజిటల్ టవర్లు అందని ఇళ్ల కోసం 2010లో వాస్ట్ అనే కొత్త సేవ వచ్చి అరోరా స్థానాన్ని తీసుకుంది. కారవాన్ యాత్రికులు నేడు వాడేది ప్రధానంగా దీన్నే.

వాస్ట్ సేవ

వాస్ట్‌కు కేంద్ర ప్రభుత్వ నిధుల అండ ఉంది. నెలవారీ చందా లేదు. ఏబీసీ, ఎస్‌బీఎస్‌లతో పాటు సెవెన్, నైన్, టెన్ నెట్‌వర్కుల కార్యక్రమాలు ఇందులో వస్తాయి. ఆయా ప్రాంతాల స్థానిక వార్తలకు విడి చానెళ్లున్నాయి. అయితే ఉచితం కదా అని ఏ సెట్‌టాప్ బాక్సుతోనైనా పట్టుకోవడం కుదరదు. ప్రసారం సంకేతీకరించి ఉంటుంది. వాస్ట్ ధ్రువీకరణ పొందిన బాక్సు, అందులో స్మార్ట్‌కార్డు, ఆ కార్డుకు అనుమతి, మూడూ కావాలి.

ఈ ఆంక్షకు కారణం ప్రసార హక్కులు. నగరాల్లోని వాణిజ్య చానెళ్లు తమ ప్రాంతపు ప్రకటనల మీద బతుకుతాయి. టవరు ప్రసారం చక్కగా అందే ఇంట్లో వారు ఉపగ్రహం వైపు మళ్లితే ఆ ఆదాయానికి గండి పడుతుంది. అందుకే శాశ్వత అనుమతి టవరు అందని ఇళ్లకే ఇస్తారు. కారవాన్, లారీ, పడవల్లో తిరిగేవారికి యాత్రికుల అనుమతి అని విడిగా ఒకటుంది. దాని గడువు ఆరు నెలలు. ప్రయాణం ఇంకా సాగుతుంటే పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పని ఇంటి దగ్గర, నెట్ ఉన్నప్పుడే ముగించుకోవడం మంచిది. ఎడారి మధ్యలో కార్డు గడువు తీరితే పొడిగించుకోవడానికి మళ్లీ సిగ్నల్ ఉన్న ఊరు చేరాలి.

చందా సేవ అయిన ఫాక్స్‌టెల్ కూడా ఇదే ఉపగ్రహ స్థానం నుంచి వస్తుంది. కాబట్టి ఒకే డిష్ రెంటికీ పనికొస్తుంది. బాక్సూ కార్డూ మాత్రం వేరువేరు.

సిగ్నల్ దారి

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమంగా తిరుగుతుంది కాబట్టి నేల మీది నుంచి చూస్తే ఒకే చోట నిలిచినట్లుంటుంది. వాస్ట్ స్థానం తూర్పు రేఖాంశం 156 డిగ్రీలు. 2003లో ప్రయోగించిన ఆప్టస్ సి1, 2009లో ప్రయోగించిన ఆప్టస్ డి3 ఈ స్థానానికే చేరాయి. ఇటు 152 డిగ్రీల దగ్గర, అటు 160 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహాలున్నాయి. పొరుగు స్థానాల మధ్య దూరం నాలుగు డిగ్రీలే. 65 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు రెండున్నర డిగ్రీలు. గురి కొద్దిగా తప్పినా సిగ్నల్ పోతుంది. ఇంకాస్త తప్పితే పక్క ఉపగ్రహం చిక్కి, మీటరు నిండుగా చూపిస్తున్నా తెర మీద బొమ్మ రాదు.

ప్రసారం కేయూ బ్యాండ్‌లో, 12.25 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఇంత ఎక్కువ పౌనఃపున్యం కేబుల్‌లో దూరం ప్రయాణించలేదు. డిష్ ముందున్న తలను ఎల్ఎన్‌బి అంటారు. అది సిగ్నల్‌ను పెంచి, 10.7 గిగాహెర్ట్జ్ తగ్గించి కేబుల్‌లోకి పంపుతుంది. ఆ తలకు కావలసిన కరెంటు కూడా అదే కేబుల్ ద్వారా బాక్సు నుంచే పైకి వెళ్తుంది. 13 వోల్టులు పంపితే నిలువు ధ్రువణం, 18 వోల్టులు పంపితే అడ్డ ధ్రువణం ఎంపికవుతాయి. కారవాన్‌లో ఎదురయ్యే చిక్కులు కొన్ని ఈ ఒక్క సంగతి మరవడం వల్లే వస్తాయి.

మూడు కోణాలు

తెలుగు నాట డిష్‌లు దక్షిణం వైపు చూస్తాయి. హైదరాబాదులో డీడీ ఫ్రీ డిష్ కోసం గొడుగును ఆగ్నేయంగా తిప్పుతారు. భూమధ్యరేఖకు దిగువన ఉన్న ఆస్ట్రేలియాలో ఉపగ్రహాలన్నీ ఉత్తరపు ఆకాశంలో ఉంటాయి. మన అలవాటు కొద్దీ దక్షిణం వైపు వెతికితే ఎన్ని గంటలైనా దొరకదు. 156 డిగ్రీల ఉపగ్రహం కొన్ని ఊళ్ల నుంచి ఎక్కడ కనిపిస్తుందో సుమారు లెక్క ఇది:

| ఊరు | నిజ ఉత్తరం నుంచి తూర్పుకు (డిగ్రీలు) | క్షితిజం నుంచి పైకి (డిగ్రీలు) |
|---|---|---|
| బ్రిస్బేన్ | 6 | 58 |
| సిడ్నీ | 9 | 50 |
| మెల్‌బోర్న్ | 18 | 45 |
| కెయిర్న్స్ | 32 | 67 |
| ఆలిస్ స్ప్రింగ్స్ | 45 | 53 |
| డార్విన్ | 65 | 57 |
| బ్రూమ్ | 65 | 46 |
| పెర్త్ | 58 | 33 |

దిక్కు: పట్టికలోని కోణం నిజ ఉత్తరం నుంచి కొలిచింది. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. పెర్త్‌లో ఈ రెంటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే. సిడ్నీలో మాత్రం అయస్కాంత ఉత్తరం నిజ ఉత్తరానికి 12 డిగ్రీలకు పైగా తూర్పున ఉంటుంది. అందువల్ల సిడ్నీలో ఉపగ్రహం నిజానికి ఉత్తరానికి తూర్పున ఉన్నా, దిక్సూచి ముల్లుకు కాస్త పడమరగా కనిపిస్తుంది. దిక్సూచిని కారుకూ కారవాన్‌కూ దూరంగా పట్టుకుని చూడాలి. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకు లాగేస్తుంది.

ఎత్తు: సంచార డిష్‌లు చాలావరకు ఆఫ్‌సెట్ రకానివి. వీటి తల డిష్ మధ్యకు కాక కిందివైపుకు ఉంటుంది. అందువల్ల డిష్ ముఖం నిట్టనిలువుగా ఉన్నా దాని చూపు సుమారు 24 డిగ్రీలు పైకే ఉంటుంది. పెర్త్‌లో 33 డిగ్రీలకు చూడాలంటే డిష్‌ను వెనక్కి తొమ్మిది డిగ్రీలు వాలిస్తే చాలు. కెయిర్న్స్‌లో అయితే 43 డిగ్రీలు వాల్చాలి. కంటికి డిష్ ఎటు చూస్తున్నట్లు కనిపిస్తుందో దాన్ని నమ్మకూడదు. బ్రాకెట్ మీద చెక్కిన కొలతలో ఈ తేడా ముందే కలిపి ఉంటుంది. ట్రైపాడ్ నిట్టనిలువుగా నిలిస్తేనే ఆ కొలత నిజమవుతుంది.

మెలి: ఉపగ్రహం తరంగాలను నిలువు, అడ్డం అనే రెండు తలాల్లో, అంటే రెండు ధ్రువణాల్లో పంపుతుంది. తల ఆ తలాలతో సరిపడేలా తిరిగి ఉండాలి. తాళంచెవి అడ్డంగా పెడితే రంధ్రంలో దూరనట్లే, తప్పు మెలిలో ఉన్న తల సిగ్నల్‌ను సరిగా అందుకోలేదు. బ్రిస్బేన్ నుంచి పెర్త్‌కు చేరేసరికి ఈ మెలి సుమారు 40 డిగ్రీలు మారుతుంది. తూర్పు తీరంలో నెలల పాటు బాగా పనిచేసిన డిష్ పడమటి తీరంలో ఎంత వెతికినా ఏమీ చూపకపోతే మొదట అనుమానించవలసింది దీన్నే. డిష్ వెంట వచ్చే ప్రాంతాల పటంలో ఈ కోణాలు రాసి ఉంటాయి.

పరికరాలు

ట్రైపాడ్ మీద నిలిపే మడత డిష్ అన్నిటికన్నా చవక. చాలామంది దీన్నే ఎంచుకుంటారు. కారవాన్‌ను చెట్టు నీడలో నిలిపి డిష్‌ను ఎండలో పెట్టుకునే వీలుండటం దీనికున్న పెద్ద సౌలభ్యం. దేశపు తూర్పు, దక్షిణ భాగాల్లో 65 సెంటీమీటర్ల డిష్ సాధారణంగా సరిపోతుంది. సిగ్నల్ బలహీనపడే ఉత్తర, వాయవ్య ప్రాంతాలకు వెళ్లేవారు 80 నుంచి 90 సెంటీమీటర్ల డిష్ తీసుకెళ్తే మేలు. 85 సెంటీమీటర్ల డిష్ వైశాల్యం 65 సెంటీమీటర్ల దానికన్నా 70 శాతం ఎక్కువ. అయితే గాలి పట్టూ, చూపు సన్నబడటమూ దానితో పాటే పెరుగుతాయి.

కారవాన్ పైకప్పుకు బిగించే డిష్‌లు రెండు రకాలు. ఒకదాన్ని లోపలి నుంచి పిడి తిప్పి లేపుతారు. రెండోది మీట నొక్కితే తానే ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. జర్మనీకి చెందిన టెన్ హాఫ్ట్ సంస్థ తయారుచేసే ఆయిస్టర్ ఈ రెండో రకంలో పేరున్నది. ప్లాస్టిక్ గుమ్మటం లోపల చిన్న డిష్ తిరిగే రకమూ ఉంది. ప్రయాణంలో సైతం ఉపగ్రహాన్ని వెంటాడే గుమ్మటాలను పడవలకూ పెద్ద బస్సులకూ వాడతారు. పైకప్పు రకాలన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. కారవాన్ నీడలో ఉంటే డిష్ కూడా నీడలోనే ఉంటుంది. గుమ్మటం లోపలి డిష్ చిన్నది కావడంతో వానకు ముందుగా దెబ్బతినేదీ అదే.

వీటితో పాటు ఆర్‌జీ6 రకం కేబుల్, మరతో బిగించే ఎఫ్ కనెక్టర్లు, సిగ్నల్ మీటరు కావాలి. చవక మీటరు ఏ ఉపగ్రహం చిక్కినా ఒకేలా కూత పెడుతుంది. డిజిటల్ మీటరు మాత్రం మనం అడిగిన ఉపగ్రహం దొరికితేనే సరే అంటుంది. ఉపగ్రహాలు నాలుగేసి డిగ్రీల దూరంలో ఉన్నచోట ఈ తేడా విలువైనది.

అమర్చే క్రమం

ముందుగా టీవీని మామూలు యాంటెన్నాతో వెతికించాలి. ఊరికి దగ్గరగా ఉంటే టవరు ప్రసారమే అందవచ్చు. అందకపోతే ఉపగ్రహం ఉన్న దిక్కున చెట్లూ కొండలూ అడ్డులేని చోటు చూసుకోవాలి. ఫోన్ కెమెరాలో ఉపగ్రహం స్థానాన్ని చూపే యాప్‌లు ఈ పనికి పనికొస్తాయి.

ట్రైపాడ్ కాళ్లు సర్ది, నడి స్తంభం నిటారుగా ఉందో లేదో మట్టంతో చూడాలి. మేకులు దిగని గట్టి నేల అయితే ఇసుక సంచిగానీ నీళ్ల క్యాన్‌గానీ వేలాడదీయాలి. ఆ తర్వాత మెలి, ఎత్తు కోణాలను పటం ప్రకారం బిగించి, దిక్కును మాత్రం వదులుగా ఉంచాలి. కేబుల్ తగిలించాకే బాక్సుకు కరెంటు ఇవ్వాలి. కరెంటు ఉండగా కేబుల్ నడిమి తీగ పై జాలీకి తగిలితే బాక్సు పాడయ్యే ప్రమాదముంది.

ఇప్పుడు డిష్‌ను అనుకున్న దిక్కుకు పది పదిహేను డిగ్రీలు ముందు నుంచి మొదలుపెట్టి మెల్లగా తిప్పాలి. బాక్సుకు సిగ్నల్‌ను గుర్తించడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది కాబట్టి ఒక్కో డిగ్రీ జరిపి ఆగాలి. తెర మీద బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. బలం గీత ఏ ఉపగ్రహానికైనా, ఒక్కోసారి ఏదీ లేకున్నా పెరుగుతుంది. చూడవలసింది నాణ్యత గీతనే. అది కనిపించాక దిక్కు, ఎత్తు, మెలి ఒక్కొక్కటిగా సరిచేసి, గీత అత్యధికంగా ఉన్నచోట బిగించాలి. బిగించేటప్పుడు కూడా డిష్ కదలవచ్చు కాబట్టి చివరగా మరోసారి చూసుకోవాలి. చాలారోజులు ఆపి ఉంచిన బాక్సు అయితే, సిగ్నల్ దొరికాక కార్డు మళ్లీ మేలుకునేదాకా కాసేపు అలాగే వదిలేయాలి.

చెట్లు, వాన, ఎండ

కేయూ బ్యాండ్ తరంగాలు ఆకుల గుండా దూరలేవు. తడి ఆకులు మరీ అడ్డం. చెట్టుకు ఎంత ఎడంగా ఉండాలనేది ఎత్తు కోణాన్ని బట్టి మారుతుంది. పది మీటర్ల యూకలిప్టస్ అడ్డుగా ఉంటే మెల్‌బోర్న్‌లో పది మీటర్లు, పెర్త్‌లో పదిహేను మీటర్లు వెనక్కి జరగాలి. కెయిర్న్స్‌లో నాలుగు మీటర్లకు కాస్త మించితే చాలు.

జోరువాన సిగ్నల్‌ను మింగేస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఉత్తర ప్రాంతంలో ఉండే వానకాలంలో మబ్బు దట్టంగా కమ్మినప్పుడు బొమ్మ ఆగిపోవడం సహజం. వాన వెలిశాక తానే తిరిగి వస్తుంది కాబట్టి డిష్‌ను కదపకూడదు. మార్చి చివర నుంచి ఏప్రిల్ ఆరంభం దాకానూ, మళ్లీ సెప్టెంబరు మొదటి సగంలోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు సూర్యుడి రేడియో రొద ప్రసారాన్ని కప్పేస్తుంది.

విద్యుత్తు

కరెంటు కనెక్షన్ ఉన్న కారవాన్ పార్కులో ఈ చింత లేదు. బ్యాటరీ మీద బతికే మజిలీల్లో లెక్క చూసుకోవాలి. 12 వోల్టుల చిన్న టీవీ 30 వాట్లు, బాక్సూ తలా కలిసి 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే, మూడు గంటలకు 135 వాట్ అవర్లు, అంటే సుమారు 11 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవడం క్షేమం కాబట్టి, ఫ్రిజ్‌కూ దీపాలకూ పోగా ఇది చెప్పుకోదగ్గ వాటాయే. 12 వోల్టుల మీద నేరుగా నడిచే బాక్సు, టీవీ ఎంచుకుంటే ఇన్వర్టరులో వృథా అయ్యేది మిగులుతుంది.

తరచు వచ్చే చిక్కులు

డిష్ పక్కన పెట్టి చూస్తే పనిచేసే బాక్సు, కారవాన్ గోడలోని సాకెట్‌కు తగిలిస్తే పనిచేయదు. ఆ సాకెట్ మామూలు యాంటెన్నాది కావడం ఇందుకు సాధారణ కారణం. దారిలో ఉన్న బూస్టరో స్ప్లిటరో తలకు వెళ్లే వోల్టేజిని ఆపేస్తుంది. ఉపగ్రహ కేబుల్‌కు గోడలో విడి దారి ఉండాలి. సగం చానెళ్లు వచ్చి సగం రాకపోతే 18 వోల్టులు తల దాకా చేరడం లేదనో, మెలి తప్పిందనో అర్థం. కనెక్టరులో తడి చేరడం, ఎర్రమట్టి పట్టడం, కుదుపులకు డిష్ అంచు వంగడం కూడా మామూలే. అంచు వంగిన డిష్‌కు గురి ఎంత సరిచేసినా నాణ్యత పెరగదు.

ఇతర దేశాల్లో

బ్రిటన్ యాత్రికులు 28.2 డిగ్రీల తూర్పున ఉన్న ఆస్ట్రా ఉపగ్రహాలను వాడతారు. 2008 మే 6న మొదలైన ఫ్రీశాట్‌కు కార్డు అవసరం లేదు. లండన్ నుంచి ఆ ఉపగ్రహం 25 డిగ్రీల ఎత్తులోనే ఉండటంతో అక్కడ చెట్ల బెడద ఇంకా ఎక్కువ. 2014లో బీబీసీ చానెళ్లు బ్రిటన్ మీదికే కేంద్రీకరించిన ఆస్ట్రా 2ఈ పుంజంలోకి మారాక, స్పెయిన్ దక్షిణ తీరంలో చలికాలం గడిపే కారవాన్‌వారి చిన్న డిష్‌లు పనికిరాకుండా పోయాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని ప్రధాన డీటీహెచ్ సేవలు వర్తుల ధ్రువణం వాడతాయి కాబట్టి అక్కడ తలకు మెలి తిప్పే పనే లేదు.

అంతర్జాలం వచ్చాక

ఆస్ట్రేలియాలో 2021 నుంచి అందుబాటులోకి వచ్చిన ఉపగ్రహ అంతర్జాల సేవ స్టార్‌లింక్ ఈ రంగాన్ని మార్చేసింది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలను దాని పలక తానే వెంటాడుతుంది. కోణాల లెక్క యాత్రికుడు చూడనక్కర్లేదు. ఆకాశం మాత్రం విశాలంగా కనబడాలి. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇందులో అదనపు ప్రయోజనముంది. వాస్ట్‌లో తెలుగు చానెళ్లు లేవు. అంతర్జాలం ఉంటే హైదరాబాదు చానెళ్లు ఎడారిలోనూ చూడవచ్చు.

అయినా దానికి నెలనెలా చందా కట్టాలి, కరెంటు వాడకమూ డిష్ కన్నా ఎక్కువ. ఎప్పుడో ఒకసారి సెలవుల్లో తీరం వెంట తిరిగేవారికి రెండూ అక్కర్లేదు, మామూలు యాంటెన్నా చాలు. ఎక్కడున్నా అంతర్జాలం తప్పనిసరి అయినవారికి స్టార్‌లింక్ మేలు. నెలల తరబడి లోతట్టు దారుల్లో తిరుగుతూ, సాయంత్రం వార్తలూ క్రికెట్టూ చూస్తే చాలనుకునేవారికి ఒకసారి కొన్న డిష్, వాస్ట్ కార్డు నేటికీ చవకైన దారి.